చీజ్ ఫ్యాక్టరీ పెద్దదైతే ఊరికేమొస్తాది, వంకలోకేం పోతాది

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం చీజ్ ఫ్యాక్టరీ గురించి మాట్లాడుకుందాం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సైడు మా సుట్టాలంతా పాడి మీద బతికేటోళ్ళే, అందుకే పాల ప్లాంట్ పెద్దది చేస్తారంట, చీజ్ మిషన్లు దిగుతాయంట అని ఎవరన్నా అంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. రేటు పెరుగుతాదని కొందరు, వంక పాడైతాదని కొందరు. అక్క చానా ఏండ్లు డెయిరీ ల్యాబుల్లో పనిచేసింది, ఇప్పుడు అనంతపురం, కడప పల్లెల్లో పాడి రైతుల దగ్గర తిరుగుతాంటాది. అక్కా, పాలు ప్యాకెట్లో పోసి అమ్మేదానికి, చీజ్ చేసేదానికి ఊరికొచ్చే తేడా ఏంది?

అక్క: తేడా అంతా మిగిలేదాంట్లో ఉండాది తమ్ముడూ. ప్యాకెట్లో పోస్తే పాలన్నీ ఊరు దాటిపోతాయి. చీజ్ చేస్తే పది లీటర్ల ఆవుపాలకు కేజీ చీజ్ వస్తాది, తొమ్మిది లీటర్ల దాకా విరుగుడు నీళ్ళు మిగుల్తాయి. చీజ్ లారీ ఎక్కి బెంగళూరో హైదరాబాదో పోతాది. విరుగుడు యాడికీ పోదు, మన ఊర్లోనే ఉంటాది.

హోస్ట్: చీజ్ ఎట్ల చేస్తారో చూడనోళ్ళు చానామంది వింటాంటారు, కొంచెం చెప్పు.

అక్క: పెద్ద స్టీలు తొట్టి ఉంటాది, వాట్ అంటారు. కాచి చల్లార్చిన పాలు 32 డిగ్రీల దగ్గర పెట్టి, ముందు కల్చర్ ఏస్తారు, అంటే తోడు లాంటిదే, తర్వాత పాలను గడ్డకట్టించే రెన్నెట్ ఏస్తారు. ఇండియాలో దాదాపు అందరూ వాడేది బూజు నుంచి తీసిన మైక్రోబియల్ రెన్నెట్, అందుకే ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటాది. అరగంట ముప్పావుగంటకు పాలు గడ్డకడతాయి, సన్న తీగల కత్తులతో దాన్ని ముక్కలు కోస్తారు, అప్పుడు ఆ ముక్కల మధ్యలోంచి లేత ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులో నీళ్ళు ఊరుతాయి సూడు, అదే విరుగుడు. మొజరెల్లా అయితే ఆ గడ్డను వేడినీళ్ళల్లో సాగదీసి, అచ్చులేసి, బాగా చిక్కటి ఉప్పునీళ్ళల్లో ముంచుతారు. ఈ ఉప్పునీళ్ళ సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తా దానికి.

హోస్ట్: విరుగుడు పాలల్లోంచి వచ్చిందే కదా, పనీర్ చేస్తే మా ఇంట్లో ఆ నీళ్ళు చపాతీ పిండిలో కలుపుతారు. దానికి ఇంత భయమెందుకు?

అక్క: ఇంట్లో చెంబుడు, ఆడ ట్యాంకర్లు, అదే తేడా. దాంట్లో పాలచక్కెర లాక్టోజ్ దగ్గరదగ్గర ఐదు శాతం ఉంటాది, కొంచెం ప్రొటీన్ ఉంటాది. మనిషి తాగితే బలమే. వంకలో పోస్తే నీళ్ళల్లో బ్యాక్టీరియా దాని మీద పడి, నీళ్ళల్లో ఉండే ఆక్సిజనంతా లాగేస్తాది, చేపలు తేలిపోతాయి, పులిసిన కంపు. దీన్ని బీఓడీ అని కొలుస్తారు. ఊరి మురుగునీళ్ళల్లో లీటరుకు 200, 300 మిల్లీగ్రాములుంటే, విరుగుట్లో 30 వేల నుంచి 50 వేలు.

హోస్ట్: ముప్పై వేలా!

అక్క: లెక్క కోసం రోజుకు లక్ష లీటర్ల పాలు చీజ్ చేసే ప్లాంట్ అనుకో. 90 వేల లీటర్ల దాకా విరుగుడు. లీటరుకు 40 వేల మిల్లీగ్రాములు ఏసుకున్నా రోజుకు మూడున్నర టన్నుల బీఓడీ. ఒక మనిషికి రోజుకు 50 గ్రాములు లెక్కేస్తారు, అంటే 70 వేల మంది ఉండే టౌన్ మురుగుతో సమానం. 2011 లెక్కల్లో పులివెందుల జనాభా 65 వేల పైన. మూడు వేల గడప లేని పల్లె పక్కన పులివెందులంత టౌన్ మురుగు పుడితే ఎట్లుంటాదో ఆలోచించు. అందుకే నేను రైతులకు ఎప్పుడూ ఒకటే చెప్తా, ఎన్ని ఉద్యోగాలని అడగండి, తప్పులేదు, కానీ దాంతోపాటు విరుగుడు యాడికి పోతాదని కూడా అడగండి.

హోస్ట్: మరి యాడికి పోవాల?

అక్క: బాగా చేసేటోళ్ళకు అది దుడ్లు తెచ్చే సరుకు. ఆవిరి చేసి చిక్కబరిచి పౌడర్ కొడతారు, ఫిల్టర్లు పెట్టి వే ప్రొటీన్ తీస్తారు, జిమ్ముకు పోయే పిల్లోళ్ళు డబ్బాల్లో కొనేది అదే. దానికి ఎవాపరేటర్, స్ప్రే డ్రయ్యర్ కావల్ల, చానా ఖర్చు, చిన్న ప్లాంట్‌కు గిట్టదు. ఇంకో దారి గాలి చొరని ట్యాంకుల్లో ఏసి బయోగ్యాస్ తీసేది, లక్ష లీటర్ల ప్లాంట్ విరుగుట్లో రోజుకు వెయ్యి క్యూబిక్ మీటర్ల పైనే మీథేన్ తీయచ్చు, ఆ గ్యాస్ బాయిలర్‌కు వాడుకోవచ్చు. ఇంకా ఏం లేకపోయినా, తాజాగా ఉన్నప్పుడు ఎనుములకు, ఆవులకు కొంచెం కొంచెం తాపచ్చు, కానీ పొద్దున విరుగుడు సాయంత్రానికి పులుస్తాది మన ఎండకు, కాబట్టి దగ్గర ఊర్లకే అయ్యే పని. నా మాట అయితే, ప్లాంట్ పెంచేటోళ్ళు డ్రయ్యరో బయోగ్యాసో ముందు కట్టి తర్వాత వాట్లు దించాల. వాట్లు ముందు, ఈటీపీ తర్వాత అంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

హోస్ట్: ఈటీపీ ఉంటే సరిపోదా? నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటే కదా.

అక్క: అదిగో, ఉప్పు దగ్గరికొచ్చినాం. ఈటీపీ బీఓడీని తీస్తాది, సూక్ష్మజీవులు తినేస్తాయి. ఉప్పును ఏ సూక్ష్మజీవీ తినదు. చీజ్ ముంచిన ఉప్పునీళ్ళు, వాట్లు పైపులు కడిగే కాస్టిక్ సోడా, రెండింట్లో సోడియమే. నీళ్ళు తేటగా కనపడతాయి, వాసన రాదు, బీఓడీ రిపోర్టు పాసైతాది, వాటిని తోటలకు పారిస్తారు. అనంతపురం ఎర్రనేలల్లో కొంచెం కిందికి దిగిపోతాదేమో గానీ, మీ జమ్మలమడుగు, నంద్యాల, కోయిలకుంట్ల నల్లరేగడి అసలే నీళ్ళు దింపుకోదు. రెండు మూడేండ్లకు నేల మీద తెల్లగా పొర కడతాది, వాన పడితే బురద, ఆరితే రాయి, చౌడు తేలిపోతాది. ఒకసారి చౌడైతే జిప్సం తోలి తోలి ఏండ్ల తరబడి బాగుచేసుకోవల్ల.

హోస్ట్: దానికి రూల్ లేదా?

అక్క: ఉండాది. పొలానికి పారించే నీళ్ళకైనా, వంకలో వదిలేదానికైనా బీఓడీకి ఒక హద్దు ఉంటాది, కరిగిన లవణాలకు కూడా హద్దు పెడతారు. ఉప్పునీళ్ళను వేరే పైపులో తీసి, కింద షీటు పరిచిన గుంతల్లో ఎండబెట్టచ్చు, మన ఎండ దేనికి పనికొస్తాది మరి. సోడా బదులు పొటాషియం మందుతో కడిగే ప్లాంట్లు కూడా ఉండాయి, ఖర్చు ఎక్కువ, కానీ ఆ నీళ్ళు పొలానికి మేలు. ఇవన్నీ అయ్యే పనులే తమ్ముడూ, ముందే అడిగితే డిజైన్‌లో పెడతారు, పైపులన్నీ కలిపి సిమెంటు పూసినాక అడిగితే పెట్టరు.

హోస్ట్: సరే, మంచి కూడా చెప్పుకుందాం. ఫ్యాక్టరీ పెద్దదైతే రైతుకు ఏమొస్తాది?

అక్క: వస్తాది, చానా వస్తాది, అందుకే నేను వద్దనే మాట అననే అనను. సలికాలంలో పాలు ఎక్కువైతే కొన్ని సెంటర్లలో ఈ పూట వద్దంటారు సూడు, చీజ్ ప్లాంట్ ఉంటే ఆ పాలన్నీ తీసుకుంటాది, ఎందుకంటే చీజ్ నెలల తరబడి నిలవుంటాది. ఇంకొకటి, 2025 సెప్టెంబర్‌లో చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, డిమాండ్ పెరుగుతాది. ఉద్యోగాలంటావా, లోపల అంతా ఆటోమేటిక్, మనం అనుకున్నన్ని ఉండవు. అసలు పని బయట పుడతాది, పాల ఆటోలు, వెటర్నరీ పిలకాయలు, సొప్ప అమ్మేటోళ్ళు, మిషన్ రిపేరు. పాల బిల్లు ఆడోళ్ళ అకౌంట్‌లో పడితే ఆ ఇంటి లెక్కే మారిపోతాది, నేను కండ్లారా చూస్తాండా. తెల్లార్తో క్యాన్ ఎత్తుకోని వచ్చి, మిషన్‌లోంచి వచ్చిన చీటీలో ఫ్యాట్ 3.8, ఎస్ఎన్ఎఫ్, అంటే కొవ్వు పోను మిగిలే గట్టి పదార్థం, 8.2 అని చదువుకోని, నిన్నటికంటే ఎందుకు తగ్గిందని నిలదీసే ఆడోళ్ళు ప్రతి ఊర్లో ఉండారు.

హోస్ట్: కానీ చీజోళ్ళు పాలు ఊరికే తిప్పి పంపిస్తారని ఫిర్యాదు ఉండాది.

అక్క: ఊరికే కాదు. ఆవుకు పొదుగువాపు వచ్చి యాంటీబయాటిక్ సూది ఏసినాక, డాక్టర్ చెప్పినన్ని రోజులు పాలు పోయకూడదు. మామూలు పాల ప్యాకెట్‌లో అయితే ఎవరికీ కనపడదు, చీజ్‌లో అయితే కల్చర్ చచ్చిపోతాది, వాట్ మొత్తం తోడుకోదు. ఒక క్యాన్ కోసం ట్యాంకర్ పోతాది. ఇంకొకటి మన సీమకే ప్రత్యేకం, శనగ చెక్క. కాయ పట్టే టైంలో వానలు ఎగ్గొడితే శనక్కాయకు చేనిలోనే బూజు పడతాది, అఫ్లాటాక్సిన్ అంటారు. బూజు పట్టిన కాయలు గానుగకు, ఆ చెక్క ఆవుకు, ఆ విషం పాలల్లోకి ఎం1 అనే రూపంలో వస్తాది. పాలల్లో కేజీకి అర మైక్రోగ్రామ్ దాటకూడదని రూల్. అది పాల ప్రొటీన్‌కు అతుక్కుంటాది, అందుకే చీజ్‌లో ఇంకా చిక్కబడతాది. కాబట్టి చెక్కను తేమ లేని చోట, నేల మీద కాకుండా పలకల మీద పెట్టుకోవల్ల, బూజు వాసనొస్తే పారేయల్ల, ఎంత దుడ్లు పోసి కొన్నా సరే.

హోస్ట్: నీళ్ళ సంగతి? అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, ఆ వానకు ఫ్యాక్టరీ ఏందని అంటారు.

అక్క: అందరూ ఫ్యాక్టరీ బోరు వైపే వేలు చూపిస్తారు. లీటరు పాలకు రెండు లీటర్ల నీళ్ళు అనుకున్నా, లక్ష లీటర్ల ప్లాంట్‌కు రోజుకు రెండు లక్షల లీటర్లు, అంటే ఒక ఎకరాకు రెండంగుళాల తడి. తక్కువేం కాదు, పక్కనే ఉండే బోర్లకు దెబ్బే, ఆ మాట గట్టిగా అడగల్ల. కానీ అసలు నీళ్ళు పోయేది కసువుకు. ఆవు రోజుకు ఎనిమిది లీటర్లిస్తే లక్ష లీటర్లకు 12,500 పాలిచ్చే ఆవులు కావల్ల, ఒక్కోటి 70 లీటర్లు తాగితే తాగేదానికే దగ్గరదగ్గర తొమ్మిది లక్షల లీటర్లు. ఆవుకు 25 కేజీల పచ్చికసువు, ఎకరాకు ఏడాదికి వంద టన్నుల నేపియర్ ఏసుకున్నా వెయ్యి ఎకరాల పైన తడి పైరు. అది ఏ ఫ్యాక్టరీ రిపోర్టులోనూ ఉండదు, ఎందుకంటే ఆ బోర్లు మనవి, కరెంటు మనది, ఎండిపోతే అప్పు కూడా మనదే. అందుకే నేపియర్ ఒక్కటే నమ్ముకోవద్దు, వాన మీద పండే జొన్న సొప్ప, కొర్ర సొప్ప, శనగ కట్టె వామేసి పెట్టుకోండి, జొన్నను కోసి పాతరేస్తే సైలేజ్. కంపెనీ నిజంగా పాలు కావాలనుకుంటే సొప్ప బ్యాంకు పెట్టాల, ఎండాకాలంలో అప్పుగా ఇచ్చి పాల బిల్లులో పట్టుకోవచ్చు.

హోస్ట్: దీనికి పబ్లిక్ హియరింగ్ పెడతారా? అక్కడ అడగచ్చా ఇవన్నీ?

అక్క: ఏ ప్రాజెక్టులకు ముందుగా పర్యావరణ అనుమతి కావాలో చెప్పే 2006 ఈఐఏ నోటిఫికేషన్ జాబితాలో డెయిరీ లేదు, కాబట్టి కరెంటు ప్లాంట్లకు పెట్టినట్ల పబ్లిక్ హియరింగ్ పెట్టరు. కానీ పొల్యూషన్ బోర్డు అనుమతి ఉండాల, కట్టకముందు ఒకటి, నడపకముందు ఒకటి, పెంచినప్పుడు మళ్ళీ. ఆ ఆర్డర్‌లో రోజుకు ఎన్ని నీళ్ళు వాడచ్చు, ఎన్ని వదలచ్చు, యాడ వదలచ్చు అన్నీ రాసుంటాయి. ఆ కాపీ ఆర్టీఐలో అడగండి, పది రూపాయల ఫీజు. గ్రామసభలో అది చేతిలో పెట్టుకోని మాట్లాడితే లెక్క వేరే ఉంటాది. ప్లాంట్ గేటు దగ్గర అరిస్తే సెక్యూరిటీ వింటాడు, అంతే.

హోస్ట్: చివరికి ఒక అన్న వాయిస్ మెసేజ్ పెట్టినాడు, ప్లాంట్ పెరుగుతాందంట, మాకు రెండు జెర్సీలు ఉండాయి, లోన్ తీసుకోని ఒకేసారి ఇంకో నాలుగు కొనమంటారా అని.

అక్క: వద్దు. కట్టే మిషన్లను చూసి ఆవుల్ని కొనద్దు, పాలు తీసుకునే రేటు రాసిన కాగితం చూసి కొను. ఆ ప్లాంట్ వచ్చినాక చిన్న పాలోళ్ళు ఎత్తేస్తే నీకు కొనేటోడు ఒక్కడే మిగుల్తాడు, అప్పుడు రేటు వాడిష్టం, కాబట్టి పాత సెంటర్‌కు కూడా ఒక పూట పోస్తా ఉండు. ముందు అరెకరా జొన్న సొప్ప ఏసుకో, కొట్టం మీద గడ్డి కప్పు, ఎండకు ఆవు రొప్పితే పాలు బాగా తగ్గుతాయి. మూడో ఆవును సలికాలంలో పాలు మస్తుగా ఉన్నప్పుడు కాదు, మేలో కొను, మీ బోరు ఎంత పోస్తాందో అప్పుడు తెలుస్తాది. నాలుగోది మళ్ళీ ఏడాది చూసుకుందాం, ఆయనకు నా నంబరియ్యి, కొనేటప్పుడు నేనే వచ్చి పొదుగు చూసిపెడతా.