యజమానిని అడిగేవాళ్లు ఉండాలి

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, కాకినాడ చిన్న పరిశ్రమల, వర్తక సోదర సోదరీమణులకు నమస్కారం. ఈ వార్షిక సమావేశంలో చిన్న వ్యాపారులకు వృత్తిపరమైన కోచింగ్, అంటే వ్యాపారం గురించి ప్రశ్నలడిగి ఆలోచింపజేసే నిపుణుడి తోడు, అవసరమా అన్న అంశంపై మాట్లాడమని కార్యవర్గం నన్ను కోరింది. పేరుపేరునా అందరినీ తలచుకోవడం మర్యాదే అయినా, సమయం తక్కువ కనుక నేరుగా విషయంలోకి వస్తాను. అవసరమా అన్న ప్రశ్నను మరో ఊళ్లో అడిగితే అర్థముంది. కాకినాడలో అడగడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీనికి జవాబు అరవై ఏళ్ల కిందటే ఈ ఊరి వ్యాపారులు ఇచ్చారు.

హైదరాబాదు యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్న, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) జాతీయ సంస్థను ఆ రోజుల్లో సియెట్ అనేవారు. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ ఆ సంస్థతో కలిసి మన ఊరి నుంచి 52 మందిని పిలిపించి శిక్షణ ఇచ్చారు. ఫలితాన్ని పోల్చి చూడడానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను కూడా గమనించారు. శిక్షణకు వెళ్లిన మనవాళ్లకు అక్కడ అప్పులు ఇవ్వలేదు, యంత్రాలు ఇవ్వలేదు. నువ్వు ఏం సాధించదలచుకున్నావు, దానికి అడ్డేమిటి, ముందుగా వేసే అడుగేమిటి అని అడిగి, ఆలోచింపజేసి, లక్ష్యాలు పెట్టుకోవడం నేర్పారు. మెక్లెలాండ్ శిక్షణలో ప్రసిద్ధమైన ఆట ఒకటుంది. కొయ్యకు రింగు విసరాలి, ఎంత దూరంలో నిలబడాలో మాత్రం ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడినవాడు సాధించేదేమీ లేదు, మరీ దూరం వెళ్లినవాడు అదృష్టాన్ని నమ్ముకున్నాడు. కష్టపడితే అందే దూరాన్ని ఎంచుకోవడమే వ్యాపారికి కావలసిన గుణం అని ఆయన భావించారు. తరవాత చూస్తే, శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా కొత్త పనులు మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువ మందికి ఉపాధి కల్పించారు. పాత ఆచారాలు, నమ్మకాలు ఉన్నవాళ్లు వ్యాపారంలో ఎదగలేరన్న వాదాన్ని కూడా ఈ ప్రయోగం బలపరచలేదు.

దేశమంతటా మేనేజ్‌మెంట్ విద్యార్థులు దీనిని కాకినాడ ప్రయోగం అని చదువుకుంటున్నారు. ఈ హాలులో దీని గురించి ముందే విన్నవారు దయచేసి ఒక్కసారి చేతులెత్తండి. మన వర్తక సంఘాల సమావేశాల్లో పన్నుల గురించి, పార్కింగు గురించి ఎన్నో తీర్మానాలు విన్నాను, మన ఊరి పేరు ప్రపంచానికి తెలిపిన ఈ పని గురించి ఒక్క మాట వినలేదు. ఇది నా మనసులో చాలాకాలంగా ఉన్న బాధ.

ఇక కోచ్ చేసే పని ఏమిటో చూద్దాం. ఉద్యోగిని అడగడానికి పైఅధికారి ఉంటాడు, పెద్ద కంపెనీని అడగడానికి వాటాదారులు ఉంటారు. చిన్న దుకాణం యజమానిని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. గుమాస్తా అడగలేడు. ఆడిటరుగారు రిటర్ను దాఖలు చేసే గడువు దగ్గరపడితేనే కనిపిస్తారు. నాకు తెలిసిన ఒక ఇనుప బీరువాల తయారీదారు షెడ్డులో కోచ్ తెల్లకాగితం ముందు పెట్టి, ఒక్క బీరువాకు ఎంత ఖర్చవుతుందో రాయమన్నారు. ఆయన రేకు, తాళం, హ్యాండిలు, రంగు, వెల్డరు కూలీ వరసగా రాశారు. కరెంటు బిల్లు, ఆటో బాడుగ, సొంత షెడ్డుకు రావలసిన అద్దె, పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే తన జీతం ఆ కాగితంపై లేవు. అవి కూడా చేర్చాక, ఏ పెద్ద షోరూము ఆర్డరు చూసి ఇంట్లో స్వీట్లు పంచారో ఆ ఆర్డరుపైనే ప్రతి బీరువాకు నష్టం వస్తోందని తేలింది. ఆ డబ్బైనా ఎప్పుడు వస్తోందని కోచ్ అడిగితే, నాలుగైదు నెలలకు అన్నారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం నమోదైన చిన్న ఉత్పత్తిదారుకు కొనుగోలుదారు 45 రోజులు మించకుండా చెల్లించాలని, మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలని ఆయనకు అప్పటిదాకా తెలియదు. ఆ చట్టం కింద చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ పత్రం మాత్రం ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు.

ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడతాను, మన్నించండి. హోటళ్లలో రెండు రోజుల సభ పెట్టి, పాటలు వేసి, చప్పట్లు కొట్టించి, కోటీశ్వరులవుతారని చెప్పి వేలకు వేలు వసూలు చేసేవారిని నేను కోచ్‌లు అనను. మీ షెడ్డుకు రానివారికి, మీ ఖాతా పుస్తకం తెరవనివారికి, వచ్చే నెల మళ్లీ వచ్చి పోయిన నెల చెప్పిన పని చేశారా అని అడగనివారికి దయచేసి డబ్బు కట్టకండి. మళ్లీ వచ్చి అడగడంలోనే కోచింగ్ విలువంతా ఉంది.

ముంబయి పరిసరాల్లోని బట్టల మిల్లుల్లో, మనకంటే పెద్దవాటిలోనే, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు నిపుణులను కొన్ని నెలలపాటు ఉంచి చూశారు. యంత్రం ఆగితే నమోదు చేయడం, నూలు నిల్వలకు చీటీలు అంటించడం, నేల శుభ్రంగా ఉంచడం వంటి సాధారణమైన పనులే చేయించారు. తొలి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో ప్రచురించారు. ఏళ్ల తరవాత మళ్లీ వెళ్లి చూస్తే అలవాటు చేసినవాటిలో దాదాపు సగం వదిలేశారు. ఆఫ్రికాలోని టోగోలో లెక్కలు నేర్పిన శిక్షణకంటే, చొరవ నేర్పిన శిక్షణ లాభాలను ఎక్కువగా, 30 శాతం మేర పెంచిందని 2017లో తేలింది. అక్కడ తరగతులు ముగిశాక కూడా నాలుగు నెలలపాటు నెలకొకసారి శిక్షకులు దుకాణాలకు వెళ్లారు. 1964లో మనవాళ్లతో చేయించిన సాధన కూడా చొరవ గురించే కదా!

ముద్రా రుణాలు 2015 నుంచి ఉన్నాయి, కొత్త యూనిట్లు పెట్టేవారికి కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ ఉంది, దానికి ముందుగా శిక్షణ కూడా ఉంది. రుణం చేతికొచ్చి, షట్టరు తెరిచి, ఏడాదిన్నర గడిచి, వాయిదా తప్పిన రోజున మాత్రం బ్యాంకువారు తప్ప ఎవరూ రారు.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం. ఒక్కొక్కరు భరించలేని ఫీజును పదిమంది కలిస్తే భరించగలరు. సభ్యత్వ రుసుములో కొంత భాగం కేటాయించి, పదేసి మంది సభ్యులకు ఒక కోచ్‌ను ఏడాదిపాటు నియమించండి. సభ్యుడి లెక్కలు బయటికి పొక్కవని రాతపూర్వక హామీ తీసుకోండి. ఎన్ఐ ఎంఎస్ఎంఈకి లేఖ రాసి, 1964 ప్రస్తావన తెచ్చి, శిక్షకులను పంపమని అడగండి. ఈ తీర్మానాన్ని ఈ రోజే, భోజనాలకు లేవకముందే సభ ముందు పెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. మొదటి పదిమందిలో చేరదలచినవారు తమ పేర్లు కార్యదర్శిగారి దగ్గర రాయించగలరు. నమస్కారం.