ఫోను మోగాల్సిన క్షణం

శ్రోతలకు నమస్కారం.

నాటకంలో ఒక ఫోను మోగాలి. ఇవాళ్టి నా మాటలన్నీ దాదాపు ఆ ఒక్క ఫోను చుట్టూనే.

ఫోను మోగించేది సౌండ్ ఆపరేటరు. ఎప్పుడు మోగించాలో చెప్పేది స్టేజ్ మేనేజరు. పాతికేళ్లయినా నిండని ఒక అమ్మాయి ఆ కుర్చీలో కూచుందనుకుందాం. సైడ్ వింగ్‌లో, అంటే స్టేజీ పక్కన తెర చాటున, చిన్న నీలం దీపం, ముందు పుస్తకం, చెవికి హెడ్‌సెట్.

సీను ఇది. తల్లి అంటుంది: "వాడింక ఫోన్ చెయ్యడులెండి." ఆ మాట ముగిసీ ముగియగానే ఫోను మోగాలి. తండ్రి లేచి నాలుగడుగులు వేసి రిసీవరు ఎత్తాలి. చెప్పడానికి ఇంతే! కానీ రెండు సెకన్లు ఆలస్యమైందా, తండ్రి మోగని ఫోను కేసి చూస్తూ ఉండిపోతాడు. హాల్లో నవ్వులు. ఏడవాల్సిన చోట నవ్వులు.

ఇప్పుడు ఆ అమ్మాయి పుస్తకం చూద్దాం. ఒక పక్క పేజీలో నాటకం, ఎదురు పేజీ ఖాళీ. రాసేదంతా పెన్సిలుతోనే, ఎందుకంటే చివరి రిహార్సల్ దాకా ఏదో ఒక గుర్తు జరుగుతూనే ఉంటుంది. పెన్నుతో రాసిన పుస్తకం వారం తిరిగేసరికి కొట్టివేతల కుప్పవుతుంది. 'చెయ్యడులెండి' కింద గీత, ఆ గీత నుంచి మార్జిన్ దాకా ఇంకో గీత, దాని చివర 'సౌండ్ బి', అంటే ఫోను మోత. లైట్లకు అంకెలు, సౌండ్‌కు అక్షరాలు. అలా వేరుచేసుకుంటే చీకట్లో, చెవితో వినేటప్పుడు ఒకదాన్ని ఇంకోటి అనుకునే ప్రమాదం తగ్గుతుంది. ఆ గుర్తుకు అరపేజీ పైన మరో గుర్తు: 'స్టాండ్‌బై', అంటే సిద్ధంగా ఉండు అని.

అరపేజీ ముందు ఆమె మెల్లగా అంటుంది: "సౌండ్ బి, సి, స్టాండ్‌బై." అవతలి నుంచి "స్టాండ్‌బై" అని జవాబు రావాలి. రాకపోతే మళ్లీ అడగాలి. ఆ తరవాత హెడ్‌సెట్‌లో ముచ్చట్లు బంద్. మరీ మూడు పేజీల ముందే హెచ్చరిస్తే ఆపరేటరు ధ్యాస మళ్లిపోతుంది. రెండు లైన్ల ముందు చెబితే వేలు మీట మీదికి చేరదు.

ఆ చోటు వచ్చింది. "సౌండ్ బి..." ఆగింది... "గో."

ఈ వరసను గమనించండి. పేరు ముందు, 'గో' చివర. పేరు ముందు, 'గో' చివర. కొత్తవాళ్లు తిరగేసి "గో, సౌండ్ బి" అంటారు. సిద్ధంగా ఉన్న లైట్ ఆపరేటరు చెవిన మొదట పడేది 'గో'! అతను నొక్కేస్తాడు, గది చీకటైపోతుంది. అందుకే ఎవరైనా సిద్ధంగా ఉన్నంతసేపూ ఆ మాటను మరే పనికీ వాడకూడదు. "టీకి గో" అని సరదాకి కూడా.

ఇంకో సూక్ష్మం. మాట చెవిన పడి వేలు కదలడానికి దాదాపు ఐదోవంతు సెకను పడుతుంది. కాబట్టి తల్లి మాట అయిపోయాక కాదు, 'లెండి' మీద ఉండగానే 'గో' అనాలి.

ఫోను మోగింది. సగం పని అయింది. నా దృష్టిలో కష్టమైన సగం ఇంకా మిగిలే ఉంది: ఆపడం. దానికి పుస్తకం చూసి లాభం లేదు, తండ్రి చెయ్యి చూడాలి. వేళ్లు రిసీవరును తాకగానే "సౌండ్ సి, గో." ఫోను గంట మోగి, ఆగి, మళ్లీ మోగుతుంది కదా? తండ్రి ఆ మధ్య నిశ్శబ్దంలో ఎత్తితే ఆగిపోయిందనుకుని అందరూ ఊరుకుంటారు. ఆయన "హలో" అంటాడు, చేతిలో రిసీవరు ఉండగానే గంట మళ్లీ మోగుతుంది! సౌండ్ వినబడకపోయినా సరే, ఆపమనే మాట చెప్పి తీరాలి. బి, సి రెంటికీ కలిపి ముందే హెచ్చరించింది ఇందుకే.

నటుడు అరపేజీ దాటేసి ఫోను తరవాతి మాటల్లోకి దూకేశాడా? "సౌండ్ బి, సి, రెండూ వద్దు" అని అప్పటికప్పుడు చెప్పాలి. అందుకు ఆమె వేలు ఎప్పుడూ నడుస్తున్న లైను మీదే ఉండాలి. యంత్రం మొరాయిస్తే? వింగ్‌లో ఒక మామూలు గంట పెట్టుకోవడం చిన్నతనమేమీ కాదు.

ఇలా ప్రతిదీ ముందే లెక్కేసుకునే అలవాటు ఉన్నవాళ్లు సభలూ బాగా నడుపుతారు. 15 మందికి సన్మానమంటే నిర్వాహకులు కాగితం మీద 5 నిమిషాలు రాస్తారు. లేచి, మెట్లెక్కి, శాలువా, ఫొటో, దిగడం: మనిషికి 40 సెకన్లు వేసుకున్నా 10 నిమిషాలు. ఆ పదీ ముందే రాసుకునేది ఈ అమ్మాయే.

తెర పడింది. అందరూ మేకప్ తుడుచుకుంటుంటే ఆమె ఆ రాత్రి రిపోర్టు రాస్తుంది. నాటకం ఎన్నింటికి మొదలైంది, ఏ అంకం ఎన్ని నిమిషాలు నడిచింది, ఏం విరిగింది. చివరి లైను: 'సౌండ్ బి కొంచెం ఆలస్యం, ఇవాళ అమ్మ మాట వేగంగా వచ్చింది.' తరవాత రబ్బరు తీసుకుని 'చెయ్యడులెండి' కింద గీత చెరిపి, ఒక మాట ముందుకు, 'ఫోన్' కింద గీస్తుంది.