పాత అంబాసిడర్‌కి కొత్త టైర్లు: గళ్ళు కాదు, డిస్కు చూడండి

సమన్వయకర్త: కోనసీమ నుంచి భీమవరం దాకా ముచ్చటపడి అంబాసిడర్లు, పద్మినీలు ఉంచుకున్నవాళ్ళున్నారు. టైరు మీద గళ్ళు నిండుగానే ఉన్నాయి, టైర్లు ఎందుకు మార్చాలని అడుగుతున్నారు. మేస్త్రి గారూ?

మెకానిక్: గళ్ళు అరిగేంత తిరగవండి ఈ బళ్ళు. రబ్బరే ముందు ఎండిపోద్ది. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2314 అంటే 2014లో 23వ వారంలో తయారైంది. పదేళ్ళు దాటితే గళ్ళు చూడక్కర్లేదు, తీసెయ్యడమే. మూడంకెలే ఉంటే 2000కి ముందుదండి, దాంతో రోడ్డెక్కద్దు. బీటలు గళ్ళ అడుగున, పక్క వంగే చోట వెతకండి.

సమన్వయకర్త: ఏ సైజు అడగాలి?

టైర్ల డీలరు: పాత అంబాసిడర్‌కి 5.90-15, పద్మినికి 5.20-14. ఇవి నైలాన్ సైజులు, అంటే లోపలి దారాలు ఏటవాలుగా అడ్డంగా అల్లిన పాతరకం టైర్లవి. రేడియల్‌కి, అంటే దారాలు నిట్టనిలువుగా ఉండే కొత్తరకానికి మారాలంటే డిస్కు (టైరు ఎక్కించే ఇనప చక్రం) వెడల్పు లోపలివైపు, బీడు (డిస్కుని పట్టుకునే టైరు లోపలి అంచు) కూర్చునే అంచు నుంచి అంచుకి కొలవాలి. నాలుగంగుళాలే అయితే అంబాసిడర్‌కి 165/80 ఆర్15. 175/80కి నాలుగున్నర ఉండాలి. ఎత్తు లెక్కేస్తే మొదటిది 645 మిల్లీమీటర్లు, రెండోది 661. ఎత్తు తగ్గితే స్పీడోమీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది. పద్మినికి 155/80 ఆర్14 దగ్గరగా సరిపోతుంది. సైజు పక్కనుండే బరువు అంకె కూడా చూడండి: 82 అంటే టైరుకి 475 కిలోలు.

మెకానిక్: రేడియల్ మంచిదేనండీ, కాదన్ను. పట్టు ఎక్కువ కాబట్టి మలుపులో డిస్కు మీద బలం ఎక్కువ పడుద్ది. అందుకే టైరు విప్పాక నట్టు రంధ్రాల చుట్టూ, నడుమ వెల్డింగు దగ్గర వెంట్రుకలాంటి పగుళ్ళు చూడాలి. పగులుంటే వెల్డింగు చేయించద్దు, డిస్కు మార్చాలి.

టైర్ల డీలరు: ఆ మాట నిజమే. చాలామంది రెండే కొంటున్నారు, అది ఇంకా ప్రమాదం. ఒకే ఇరుసుకి ఒకటి నైలాన్, ఒకటి రేడియల్ ఎప్పుడూ వద్దు. రెండే రేడియల్ కొంటే వెనక్కి వెయ్యాలి. ముందు వేస్తే తడి రోడ్డు మలుపులో వెనక భాగం జారిపోతుంది. కాలువ గట్టు రోడ్డు మీద జారితే పక్కన నీళ్ళే కదండీ.

సమన్వయకర్త: ట్యూబ్‌లెస్ వేయించుకోవచ్చా?

మెకానిక్: పాత డిస్కుకి బీడుని ఆపే గట్టు ఉండదు. గాలి తగ్గితే బీడు జారుద్ది. ట్యూబు వెయ్యాల్సిందే, అదీ రేడియల్‌కి సరిపడేదే. టైరు లోపల అంటించిన స్టిక్కర్లు పీకి, టాల్కం పొడి చల్లాలి. లేదంటే రాపిడికి ట్యూబు చిల్లులు పడుద్ది. మనకి ఉప్పుగాలి, రొయ్యల చెరువుల నీళ్ళు. బీడు కూర్చునే చోట తుప్పు పొరలు లేచి ఉంటాయి. ఇనప బ్రష్షుతో గీకి, పల్చగా జింక్ ప్రైమరు కొట్టండి. మందంగా పెయింటు వేస్తే బీడు సరిగా కూర్చోదు.

టైర్ల డీలరు: గాలి రేడియల్‌కి టైరు చల్లగా ఉన్నప్పుడు 28 నుంచి 30 పాయింట్లు (పీఎస్ఐ). నైలాన్‌కి పాత పుస్తకంలో రాసిన లెక్క రేడియల్‌కి చాలదు. తక్కువ గాలితో నడిపితే అంచులు వేడెక్కి అరిగిపోతాయి.

సమన్వయకర్త: వర్షాకాలం నెలల తరబడి నిలిపి ఉంచితే?

మెకానిక్: తడి నేల మీద కాదండీ, చెక్క పలకలు వేసి నిలపండి. గాలి ఐదు పాయింట్లు ఎక్కువ పెట్టి, పదిహేను రోజులకోసారి చక్రం సగం తిప్పండి. లేకపోతే అడుగు చదునుపడి, బండి బయల్దేరాక స్టీరింగు వణుకుద్ది. స్టెప్నీ తేదీ కూడా చూడండి. నాలుగు కొత్తవి వేసి, ఇరవై ఏళ్ళ నాటి ఐదోది డిక్కీలో ఉంచేస్తారు చాలామంది.