ప్రోగ్రామ్ రివ్యూ రిపోర్ట్‌లో మన లోపం మనమే రాసుకోవాలి

అందరికీ నమస్కారం. మీ ముఖాలు చూస్తేనే అర్థమవుతోంది, డిపార్ట్‌మెంట్‌కి ప్రోగ్రామ్ రివ్యూ, అంటే మనం నడిపే డిగ్రీ ఎలా ఉందో చూసే సమీక్ష, వస్తోంది, దానికోసం మన గురించి మనమే రాసుకునే సెల్ఫ్ ఇవాల్యుయేషన్ రిపోర్ట్ మీ నెత్తిన పడింది. మామూలుగా ఈ పని ఆ రోజు మీటింగ్‌కి రానివాళ్ళకే పడుతుంది, నాకూ మొదటిసారి అలాగే పడింది. నేనేం చేశానంటే పాత రిపోర్ట్ తీసి, సంవత్సరాలు మార్చి, నాలుగు మంచి మాటలు కలిపి పంపేశా. బయట్నుంచి వచ్చిన రివ్యూయర్లలో ఒకాయన మొత్తం చదివొచ్చి, ఎదురుగా కూర్చుని, "మీ ప్రోగ్రామ్‌లో మీకు నచ్చనిది ఒక్కటి కూడా లేదా?" అనడిగాడు. గదిలో ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ తర్వాత రెండు రోజులూ మేం దాచుకున్నవన్నీ ఆయనే వెతికి పట్టుకున్నాడు, అదీ మా స్టూడెంట్స్‌ని అడిగి.

ముందు ఒక తేడా చూద్దాం, ఎందుకంటే చాలామంది దీన్ని అక్రిడిటేషన్‌తో కలిపేస్తారు. అక్రిడిటేషన్ అంటే బయటి సంస్థ తన ప్రమాణాలు మనం అందుకున్నామా లేదా అని తేల్చడం. ఇంజినీరింగ్‌లో 1989 నాటి వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందం ఉంది కదా, అందులో ఉన్న ఒక దేశంలో గుర్తింపొచ్చిన డిగ్రీని ఇంకో దేశం ఒప్పుకోవడం దాకా వెళ్తుంది ఆ లెక్క. ప్రోగ్రామ్ రివ్యూ యూనివర్సిటీ తనకోసం తను చేసుకునేది, చాలాచోట్ల ఐదు నుంచి ఏడేళ్ళకోసారి. యూరప్‌లో 2005లో తెచ్చి 2015లో సవరించిన నాణ్యతా ప్రమాణాల్లో కూడా ప్రోగ్రామ్‌లని ఎప్పటికప్పుడు సమీక్షించుకోవాలని విడిగా ఒక అంశమే ఉంది. ఏదైనా వరస మాత్రం ఇంచుమించు ఒకటే, ముందు మన మాట, తర్వాత బయటివాళ్ళ రాక, వాళ్ళ రిపోర్ట్, ఆపైన మనం ఏం చేస్తామన్న ప్లాన్. మొదటిది సరిగ్గా లేకపోతే మిగతా మూడూ గాల్లోనే.

ఇప్పుడు అసలు పని. లెర్నింగ్ అవుట్‌కమ్స్‌తో, అంటే చదువు అయ్యేసరికి స్టూడెంట్ ఏం చేయగలగాలో అన్నదాంతో మొదలుపెట్టండి. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఇచ్చిన విద్యా లక్ష్యాల వర్గీకరణని 2001లో సవరించినప్పుడు నామవాచకాల బదులు క్రియలు పెట్టారు, విశ్లేషించడం, సృష్టించడం, అలా. ఎందుకంటే చేసే పనైతే చూడొచ్చు. "విద్యార్థి గణాంకశాస్త్రాన్ని అర్థం చేసుకుంటాడు" అని రాస్తే దాన్ని ఎలా చూస్తారు చెప్పండి? "ఇచ్చిన డేటాకి తగిన పరీక్ష ఎంచుకుని ఎందుకో చెప్తాడు" అనండి, దానికి ప్రశ్నపత్రం తయారుచేయొచ్చు.

తర్వాత కరికులమ్ మ్యాప్, ఏ కోర్సు ఏ అవుట్‌కమ్‌ని నేర్పుతుందో చూపే షీట్. ఒకపక్క కోర్సులు, పైన అవుట్‌కమ్స్, మధ్యలో టిక్కులు. ఈ షీట్ టీచర్లకి పంపితే ఏమవుతుందో మీకు తెలుసు, అందరూ అన్నిట్లో టిక్ కొట్టేస్తారు, ఎవరికీ తమ కోర్సు తక్కువగా కనపడటం ఇష్టం ఉండదు కదా. కాబట్టి టిక్ అడక్కండి, "దీన్ని ఏ ప్రశ్నతో, ఏ అసైన్‌మెంట్‌తో పరీక్షించారో పంపండి" అనడగండి. సగం టిక్కులు వాటంతటవే రాలిపోతాయి. టీమ్‌వర్క్ అనే కాలమ్ మొత్తం ఖాళీ అయిపోవచ్చు, ప్రాజెక్టులు గుంపుగా చేయించి మార్కులు రిపోర్ట్‌కే వేసుంటారు, గుంపు ఎలా పనిచేసిందో ఎవరూ చూసుండరు. ఆ ఖాళీ దొరికిందా, రిపోర్ట్‌లో మీకు అంతకన్నా మంచి పేజీ దొరకదు, దాన్ని పూడ్చేసి పంపకండి.

అంకెల దగ్గర జాగ్రత్త. ఒక లెక్క ఊహించుకోండి, 60 మంది చేరారు, చివరి సంవత్సరానికి 48 మంది మిగిలారు, 45 మంది పాసయ్యారు. 48కి లెక్కేస్తే దాదాపు 94 శాతం, 60కి లెక్కేస్తే 75 శాతం. రెండూ నిజమే, మొదటిది మాత్రమే రాయాలని చెయ్యి లాగుతుంది. రెండూ రాసి, మధ్యలో పోయిన 12 మంది ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు తర్వాత ఆగిపోయారో చూడండి, అక్కడే అసలు కథ ఉంటుంది. సర్వే కూడా అంతే, 60 మందికి పంపితే 9 మంది జవాబిచ్చి అందులో 8 మంది బాగుందంటే "89 శాతం సంతృప్తి" అని రాసే ధైర్యం ఎలా వస్తుందో నాకు తెలీదు గానీ వస్తుంది, నేనూ రాశా. 1975లో చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త ద్రవ్య విధానం గురించి చెప్పిన విషయం ఇక్కడా వర్తిస్తుంది, కొలతనే టార్గెట్ చేసుకుంటే ఇక అది కొలతగా పనికిరాదు.

రాసేటప్పుడు "అత్యుత్తమ", "విశిష్ట" లాంటి మాటలు ఏరిపారేయండి, రివ్యూయర్లు వాటిని చదవరు. "స్టాఫ్ చాలట్లేదు" అని ఏడవడం కూడా వాళ్ళు ప్రతిచోటా వినేదే. ఒక్కో టీచర్ కింద ఎన్ని ప్రాజెక్టులున్నాయో, అందువల్ల డ్రాఫ్ట్ మీద ఫీడ్‌బ్యాక్ ఎన్ని వారాలకి వెళ్తోందో రాయండి, అప్పుడది ఫిర్యాదులా ఉండదు. చివర్లో ప్లాన్‌ని రెండు భాగాలు చేయండి, మన చేతిలో ఉన్నవి, పైనుంచి డబ్బో పోస్టులో రావాల్సినవి. మన చేతిలోవాటికి ఎవరు చేస్తారు, ఎప్పటికి అని రాయాల్సిందే. అన్నీ పైవాళ్ళ మీదకి నెట్టేసిన ప్లాన్ చూడగానే తెలిసిపోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి? నన్నడిగితే ఏడాది ముందు. రాయడానికి అంత టైమ్ పట్టి కాదు, మ్యాప్‌లో ఖాళీ బయటపడ్డాక ఆ అవుట్‌కమ్‌ని పరీక్షించి చూడటానికి కనీసం ఒక సెమిస్టర్ పరీక్షలైనా చేతిలో ఉండాలి. డ్రాఫ్ట్ అయ్యాక పంపేముందు మీ చివరి సంవత్సరం స్టూడెంట్స్ నలుగురికి చదవడానికివ్వండి. ఎక్కడ నవ్వుతారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, ఆ పేరాలు మళ్ళీ రాయాలి. సరే, ఇక మీ మ్యాప్ షీట్లు తీయండి, ఎవరిది ముందు చూద్దాం?