పని ఆమెది, సంతకం ఎవరిది?

[తెర మీద: ఒక స్టేజీ, ఒక మైకు. ఎదురుగా ముగ్గురు పెట్టుబడిదారులు.]

ఒక ఆలోచన అనుకుందాం. తాగునీటిని శుద్ధి చేసి తక్కువ ధరకు ఇచ్చే సంస్థ. లాభం వస్తుంది, కానీ ఆ లాభం మళ్లీ నీటి పనికే పోతుంది. సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటే ఇదే. ఇలాంటి సంస్థల్లో పగ్గాలు మహిళల చేతికి ఎందుకు రావో చూద్దాం.

ముందు ఒక మగవాడు వచ్చి ఈ ఆలోచన చెప్పాడు. "మూడేళ్లలో ఎంతమందికి నీళ్లిస్తారు?" అని అడిగారు.

తర్వాత ఒక మహిళ వచ్చి ఇదే చెప్పింది. "ఉన్న కస్టమర్లు చేజారిపోకుండా ఎలా చూసుకుంటారు?" అని అడిగారు.

[రెండు ప్రశ్నలూ పక్కపక్కన.]

తేడా పట్టారా? అతనికి మెట్లు చూపించారు, ఆమెకు గొయ్యి చూపించారు.

ఈ స్టేజీ నేను కల్పించినదే, తేడా మాత్రం నిజం. డానా కాంజే, ఆమె తోటి పరిశోధకులు న్యూయార్క్‌లో జరిగిన స్టార్టప్ పోటీల వీడియోలు ముందేసుకుని ప్రతి ప్రశ్ననూ విడదీసి చూశారు. 2018లో అచ్చైన ఆ అధ్యయనం ప్రకారం మగవాళ్లకు పడిన ప్రశ్నల్లో 67 శాతం ఎదుగుదల గురించి. ఆడవాళ్లకు పడినవాటిలో 66 శాతం నష్టం గురించి. అడిగినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, వాళ్ల తీరూ అంతే! ఎదుగుదల ప్రశ్నలు పడినవాళ్లకు సగటున 7 రెట్లు ఎక్కువ పెట్టుబడి వచ్చింది.

అవి మామూలు స్టార్టప్‌లే. కానీ సోషల్ ఎంటర్‌ప్రైజ్‌కి గ్రాంట్, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని నిధి, కోసం ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన ఏ మహిళనైనా అడగండి, గొయ్యి ప్రశ్నలు గుక్కతిప్పుకోకుండా చెబుతుంది.

అందుకే "మహిళలూ, ధైర్యంగా ముందుకు రండి" అనే పోస్టర్లు చూస్తే నాకు చిరాకు. లోటు ధైర్యంలో కాదు, ఏర్పాట్లలో.

[పాత పాస్‌బుక్. లోపల ఒక మహిళ ఫోటో, చేతిలో పలక.]

ఈ ఫోటో చూడండి. 1974, అహ్మదాబాద్. కార్మిక నాయకురాలు ఇలా భట్ మొదలుపెట్టిన 'సేవా' అనే మహిళా సంఘంలో కూరగాయలు అమ్మేవాళ్లు, బరువులు మోసేవాళ్లు ఉండేవారు. బ్యాంకులు వాళ్లను దగ్గరికి రానిచ్చేవి కావు. సరే, మన బ్యాంకే పెట్టుకుందాం అన్నారు. 4,000 మంది తలా 10 రూపాయలు వాటా వేశారు. మరి సంతకం రాని మనిషి ఖాతా ఎలా నడపాలి? పలక మీద ఖాతా నంబరు రాసి, దాన్ని పట్టుకోమని ఫోటో తీశారు. ఆ ఫోటోయే గుర్తింపు.

చదువు రాలేదని మనిషిని బయటికి పంపలేదు. పద్ధతినే మార్చారు.

[ఒక చెక్కు. సంతకం చోటు ఖాళీ.]

ఇప్పుడు మీ సంస్థకొద్దాం. అక్కడ పనిచేసే మహిళను చూడండి. ఇల్లిల్లూ తిరిగేది ఆమె, లెక్కలు రాసేది ఆమె. చెక్కు మీద సంతకం? నిధులిచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు ఎవరి దగ్గర ఉన్నాయి? ఇవి ఆమె చేతికి రానంతవరకూ 'మేనేజర్' అన్న పేరు విజిటింగ్ కార్డు వరకే. ముందు ఒక చిన్న బడ్జెట్ పూర్తిగా ఆమెకు వదిలేయండి. దాతలతో మీటింగుకి ఆమెను వెంట తీసుకెళ్లడం కాదు, ఆమెనే పంపండి. ఆ మీటింగు పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు పెట్టకండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, చాలామంది ఆగిపోయేది అక్కడే.

మీరు నిధులిచ్చేవాళ్లయితే, ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని అందరికీ అవే వేయండి. ఖర్చు లేని పని.

ఈలోగా గొయ్యి ప్రశ్న పడితే? ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. నష్టం ప్రశ్నకు ఎదుగుదల వైపు తిప్పి జవాబు చెప్పినవాళ్లకు ఎక్కువ పెట్టుబడి దొరికింది.

[మళ్లీ అదే స్టేజీ. అదే మహిళ.]

"ఉన్న కస్టమర్లు చేజారిపోకుండా ఎలా చూసుకుంటారు?"

"మా కస్టమర్లే పక్కింటివాళ్లను తీసుకొస్తున్నారండీ. ఉన్న ప్లాంటు చాలడం లేదు. రెండోది ఎక్కడ పెట్టాలో చూసి పెట్టుకున్నాం, మ్యాప్ చూపించమంటారా?"

[ముగ్గురూ మ్యాప్ వైపు వంగుతారు.]