స్వచ్ఛంద సంస్థల లెక్కలన్నీ ఒక్కచోట చేరితే

శ్రోతలకు నమస్కారం.

ఏదైనా స్వచ్ఛంద సంస్థకు డబ్బు ఇచ్చేముందు మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "మేమిచ్చే రూపాయిలో పేదవాళ్లకు చేరేదెంత, ఆఫీసు ఖర్చులకు పోయేదెంత?" అడగడంలో తప్పులేదు. కష్టపడి సంపాదించిన డబ్బు ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలనుకుంటాం. కానీ అందరూ ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోవడం వల్ల, నిజాయితీగా పనిచేసే సంస్థలు ఎన్నో ఏళ్లుగా లోలోపల నీరసించిపోయాయి. ఆ సంగతి ఏ ఒక్క సంస్థ చెప్పినా దాతలు నమ్మలేదు. కొందరు దాతలు ఒకటై, చాలా సంస్థల లెక్కలు ఒక్కచోట పెట్టి చూసినప్పుడు గానీ అది బయటపడలేదు. ఆ ప్రయత్నం గురించే ఈరోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

ముందుగా ఒక ఊహా ఉదాహరణ చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. ఒక మండల కేంద్రంలో ఓ సంస్థ ఉందనుకుందాం. మూడు ప్రాజెక్టులు నడుపుతోంది. ఒకటి ఆడపిల్లల చదువు, రెండోది క్షయ రోగులకు తోడ్పాటు, మూడోది చెరువుల పూడికతీత. ఒక్కో ప్రాజెక్టుకు ఏడాదికి 27 లక్షలు ఖర్చవుతుంది. మూడూ కలిపి 81 లక్షలు. ఇవి కాక మూడింటికీ ఉమ్మడిగా వాడుకునేవి ఉంటాయి. ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, ఒక జీపు, ఒక అకౌంటెంట్, ఆడిట్ ఫీజు, సిబ్బందికి శిక్షణ, సంస్థను నడిపే మనిషి జీతం. ఇవన్నీ కలిపి 19 లక్షలు అనుకోండి. మొత్తం కోటి రూపాయలు.

ఇప్పుడు దాతల దగ్గరికి వద్దాం. మొదటి దాత ప్రాజెక్టు ఖర్చు మీద 5 శాతం మాత్రమే ఆఫీసు ఖర్చులకు ఇస్తానన్నాడు. రెండో దాత 10 శాతం అన్నాడు. మూడో దాత, నా డబ్బు మొత్తం పనికే పోవాలి, ఆఫీసుకు పైసా ఇవ్వనన్నాడు. లెక్క వేస్తే ఉమ్మడి ఖర్చులకు వచ్చేది నాలుగు లక్షల చిల్లర. కావలసింది 19 లక్షలు. దాదాపు 15 లక్షల లోటు. మూడు ప్రాజెక్టులకూ నిధులు పూర్తిగా వచ్చాయని కాగితం మీద ఉంటుంది, సంస్థ మాత్రం అప్పులో ఉంటుంది!

ఆ లోటును ఎలా పూడుస్తారు? అకౌంటెంట్‌ను తీసేసి ఫీల్డులో తిరిగే అమ్మాయితోనే వోచర్లు రాయిస్తారు. సంస్థను నడిపే మనిషి ఆరు నెలలు జీతం తీసుకోరు. పాత కంప్యూటర్ మీదే పని లాగిస్తారు. రేపటికంటూ నాలుగు రూపాయలు వెనకేసుకోవడం అన్న మాటే ఉండదు. తర్వాత రిపోర్టు ఆలస్యమవుతుంది. "వీళ్లకు సామర్థ్యం లేదు" అని దాత ఫైలు మూసేస్తాడు.

ఈ సంస్థ ధైర్యం చేసి నిజం చెప్పవచ్చు కదా అనిపిస్తుంది. చెబితే ఏమవుతుంది? పక్క సంస్థ 5 శాతానికే చేస్తానంటోంది, నీకెందుకు 20 కావాలని అడుగుతారు. పక్క సంస్థ కూడా అదే లోటులో ఉందని ఇద్దరికీ తెలియదు. ఒకరి లెక్క ఒకరికి తెలియకపోవడమే అసలు చిక్కు.

మన దేశంలో ఈ చిక్కుముడి విప్పడానికి 2020లో ఒక ప్రయత్నం మొదలైంది. సేవా సంస్థలకు, దాతలకు సలహాలిచ్చే బ్రిడ్జ్‌స్పాన్ గ్రూప్ దీన్ని నడిపింది. ఏ.టి.ఇ. చంద్రా ఫౌండేషన్, చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్, ఎడెల్‌గివ్ ఫౌండేషన్, ఫోర్డ్ ఫౌండేషన్, ఒమిడ్యార్ నెట్‌వర్క్ ఇండియా అనే ఐదు దాతృ సంస్థలు దానికి తోడు నిలిచాయి. దానికి పెట్టుకున్న పేరు 'పే వాట్ ఇట్ టేక్స్'. అంటే పనికి నిజంగా ఎంత అవుతుందో అంతా ఇవ్వండి అని.

వీళ్లు చేసిన పనిలో నాకు బాగా నచ్చింది, మొదట ఉపదేశాలు ఇవ్వకుండా పద్దు పుస్తకాలు తెరవడం. పేరున్న, నిధులు కాస్త బాగానే వచ్చే 40 సంస్థల ఆర్థిక లెక్కలను లోతుగా చూశారు. ఇలాంటి లెక్కలు పోల్చడం అంత తేలిక కాదు. ఒకే రకం జీపును ఒక సంస్థ ప్రయాణ ఖర్చు కింద రాస్తుంది, ఇంకో సంస్థ చదువు ప్రాజెక్టు కింద రాస్తుంది, మూడో సంస్థ ఆఫీసు ఖర్చు కింద రాస్తుంది. దాత ఆఫీసు ఖర్చు ఒప్పుకోడని భయపడి, ప్రాజెక్టు కిందకు నెట్టేసేవాళ్లూ ఉంటారు. కాబట్టి పద్దులన్నీ ఒకే పద్ధతిలోకి మార్చుకుంటే తప్ప, ఒకరి లెక్క పక్కన ఇంకొకరి లెక్క పెట్టలేం.

అలా చూస్తే తేలిందేమిటంటే, ఉమ్మడి ఖర్చులు మొత్తం ఖర్చులో ఒక సంస్థకు 5 శాతం ఉంటే, ఇంకో సంస్థకు 51 శాతం దాకా ఉన్నాయి. సంస్థలన్నిటినీ వరుసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న సంఖ్య 19 శాతం. దాతలు సాధారణంగా ఇచ్చేది 15 శాతం కంటే తక్కువ. అదీ అందరికీ ఒకే కొలత! ఆస్పత్రి నడిపేవాళ్లకు, ఊరూరా తిరిగి మహిళా సంఘాలను కూడగట్టేవాళ్లకు ఒకే శాతం ఎలా సరిపోతుంది? సరిపోదని ఇప్పుడు ఎవరి మాటనో నమ్మాల్సిన పని లేదు, అంకెలే ఉన్నాయి.

దీనితో పాటు 388 సంస్థలను సర్వే చేశారు. ఉమ్మడి ఖర్చులకు డబ్బు రాబట్టుకోవడం కష్టంగా ఉందని 83 శాతం సంస్థలు చెప్పాయి. 2020 సెప్టెంబరు నాటికి, అంటే కరోనా ముమ్మరంగా ఉన్న రోజుల్లో, 54 శాతం సంస్థల దగ్గర మూడు నెలలకు సరిపడా నిల్వ డబ్బు కూడా లేదు. లాక్‌డౌన్‌లో వలస కూలీలకు అన్నం పెట్టిన సంస్థలు, మందులు ఇళ్లకు చేర్చిన సంస్థలు, తమ సిబ్బందికి వచ్చే నెల జీతం ఎలాగా అన్న టెన్షన్‌తోనే ఆ పని చేశాయన్నమాట.

ఆ సర్వేలో ఇంకో అంకె ఉంది. దళిత, బహుజన, ఆదివాసీ నాయకత్వంలో నడిచే సంస్థల్లో 70 శాతం, గడిచిన మూడేళ్లలో ఖర్చులు పోగా ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోలేకపోయామని చెప్పాయి. మిగతా సంస్థల్లో అలా చెప్పినవి 45 శాతం. దాతల వైపు నుంచి ఇది ఎవరూ పనిగట్టుకుని చేసిన అన్యాయం కాకపోవచ్చు. కానీ ఇంగ్లిష్‌లో ప్రపోజల్ బాగా రాయగలిగినవాళ్లకు, నగరంలో పరిచయాలు ఉన్నవాళ్లకు మంచి షరతులతో నిధులు దొరుకుతాయి. సమస్యకు అందరికంటే దగ్గరగా ఉన్న మనిషికి మిగిలింది దొరుకుతుంది. విడివిడిగా చూస్తే ఒక్కో దాత తాను న్యాయంగానే ఇస్తున్నానని అనుకుంటాడు. అందరి డేటా కలిపితేనే ఆ తేడా కంటికి కనబడింది. ఈ మొత్తం పనిలో ఇదే అన్నిటికన్నా విలువైన సంగతి అని నా అభిప్రాయం.

ఈ ఆలోచనకు మూలాలు అమెరికాలో ఉన్నాయి. అక్కడ సేవా సంస్థలు ప్రభుత్వానికి ఇచ్చే పన్ను పత్రాలు ఎవరైనా చూడొచ్చు. చాలాకాలం పాటు జనం వాటిలో వెతికింది ఒక్కటే, ఆఫీసు ఖర్చు శాతం. అది తక్కువుంటే మంచి సంస్థ, ఎక్కువుంటే చెడ్డ సంస్థ. సంస్థలు ఆ శాతం తగ్గించి చూపించడానికి కడుపు మాడ్చుకోవడం, దాన్ని చూసి దాతలు ఇంకా తక్కువ ఇవ్వడం, అలా ఒక విషవలయం తయారైంది. చివరికి 2013లో గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అనే మూడు సంస్థలు దాతలకు ఒక బహిరంగ లేఖ రాశాయి. ఆఫీసు ఖర్చు ఒక్కటే చూసి సంస్థ మంచిచెడులు తేల్చడం పొరపాటు అని. సేవా సంస్థల సమాచారాన్ని దాతల ముందు పెట్టే వాళ్లే ఆ మాట అనడం చిన్న విషయం కాదు. 2016లో ఫోర్డ్ ఫౌండేషన్ తానిచ్చే ఉమ్మడి ఖర్చుల వాటాను 10 నుంచి 20 శాతానికి పెంచింది. 2019లో మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ 15 నుంచి 29 శాతానికి పెంచింది. ఆర్థికంగా ఆరోగ్యంగా ఉన్న సంస్థల లెక్కలు చూసి, అంతైనా లేకపోతే సంస్థ నిలబడదని తేలాకే ఆ 29 పెట్టారు. ఒకప్పుడు సంస్థలను నిలదీయడానికి వాడిన అంకెలే ఇప్పుడు వాటి తరఫున సాక్ష్యం చెప్పాయి.

మన దేశంలో 2021లో ఎడెల్‌గివ్ ఫౌండేషన్ ముందుండి 'గ్రో ఫండ్' అని ఒకటి మొదలుపెట్టింది. పలువురు దాతలు కలిసి 100 కోట్ల రూపాయల లక్ష్యంతో, 100 చిన్న క్షేత్రస్థాయి సంస్థలకు రెండేళ్ల పాటు అండగా ఉండాలన్నది ఆలోచన. ఆ డబ్బు కొత్త ప్రాజెక్టుకు కాదు. జీతాలకు, లెక్కల వ్యవస్థకు, సిబ్బంది శిక్షణకు, సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడటానికి. మన దగ్గర ఇలాంటి డబ్బు దొరకడం ఎంత అరుదో సంస్థలు నడిపేవాళ్లను అడగండి, చెబుతారు.

ఇక్కడ చట్టాల గురించి రెండు మాటలు చెప్పాలి. కంపెనీలు సామాజిక బాధ్యతగా పెట్టే ఖర్చుకు, అంటే సీఎస్ఆర్‌కు, ఉన్న నిబంధనల్లో పాలనా ఖర్చులు 5 శాతం మించకూడదని ఉంది. అది కంపెనీ తన ఆఫీసులో సీఎస్ఆర్ పని చూసుకోవడానికి పెట్టే ఖర్చుకు పరిమితి. పని చేసే స్వచ్ఛంద సంస్థ ఖర్చుకు కాదు. కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో దీనిపై వివరణ కూడా ఇచ్చింది. అయినా ఆ 5 శాతాన్ని తెచ్చి సంస్థల మీద రుద్దే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. వింటున్నవారిలో సీఎస్ఆర్ విభాగాల్లో పనిచేసేవారుంటే, దయచేసి ఆ నిబంధన మరోసారి చదవండి. ఇక విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ విషయం వేరు. అందులో పాలనా ఖర్చుల పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. అది సంస్థలకే వర్తిస్తుంది.

సంస్థల లెక్కలు పంచుకోవడం ఒక ఎత్తు, దాతలు తమ లెక్కలు బయటపెట్టడం ఇంకో ఎత్తు. బ్రిటన్‌లో 360 గివింగ్ అనే సంస్థ ఆ రెండో పని చేస్తోంది. ఫ్రాన్ పెర్రిన్ అనే దాత దాన్ని స్థాపించారు. ఒకే రంగంలో ఇంకెవరు ఎవరికి ఎంత ఇస్తున్నారో తెలియకుండానే దాతలు నిధులు పంచుతున్నారని ఆమె గమనించారు. ఎవరికి ఇచ్చాం, ఎంత ఇచ్చాం, ఎప్పుడు, ఎందుకు అనే వివరాలను అందరూ ఒకే నమూనాలో ప్రచురించేలా ఈ సంస్థ ఒక ప్రమాణం తయారుచేసింది. ఆ సమాచారాన్ని 'గ్రాంట్‌నావ్' అనే చోట ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. ఒక చిన్న పట్టణంలో వృద్ధుల కోసం పనిచేసే సంస్థ, తన ప్రాంతంలో అలాంటి పనికి ఎవరు డబ్బిచ్చారో, ఎంతెంత ఇచ్చారో చూసుకుని వాళ్లకే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంబంధం లేని ఇరవై చోట్ల ఫారాలు నింపే బాధ తప్పుతుంది.

డేటా అంటే అంతా మంచే జరుగుతుందని నేను చెప్పను. ఆ డేటా సేకరించే భారం చివరికి ఆ చిన్న సంస్థ మీదే పడుతుంది. ఒక్కో దాతకు ఒక్కో ఎక్సెల్ షీటు, ఒక్కో యాప్, అదే సమాచారం నాలుగు రకాలుగా. క్షేత్రంలో గడపాల్సిన కార్యకర్త సమయం ఫోన్లో అంకెలు ఎక్కించడానికి పోతుంది. తీసుకున్న సమాచారం పైకి వెళ్లడమే గానీ, కిందికి తిరిగి రాదు. మీ జిల్లాలో ఇలాంటి సంస్థలతో పోలిస్తే మీరు ఇక్కడున్నారు, ఇది మీకు పనికొస్తుంది అని చెప్పేవాళ్లు చాలా తక్కువ. అలా తిరిగి ఇవ్వని డేటాను అడిగే హక్కు దాతకు ఉందని నేను అనుకోను. క్షయ రోగి పేరు, హింసను తప్పించుకుని వచ్చిన మహిళ చిరునామా లాంటివైతే ఉమ్మడి డేటాలోకి అసలు రానే కూడదు. పంచుకోవాల్సింది సంస్థల లెక్కలు, మనుషుల బతుకులు కాదు.

మనలో ఊరి బడికి పూర్వ విద్యార్థులుగా డబ్బు పోగుచేసి పంపేవారున్నారు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉంటూ తెలుగు సంఘాల ద్వారా విరాళాలిచ్చేవారున్నారు. పెద్ద పెద్ద ఫౌండేషన్లకే ఇదంతా అనుకోకండి. ఈసారి ఏ సంస్థకైనా ఇచ్చేముందు, ఆఫీసు ఖర్చు ఎంత శాతం అని అడగడంతో ఆపేయకండి. మీ ఉమ్మడి ఖర్చులు ఏమిటి, వాటిని ఎవరు భరిస్తున్నారు, ఎన్ని నెలలకు సరిపడా నిల్వ ఉంది అని అడగండి. మీతో పాటు ఆ సంస్థకు ఇస్తున్న మిగతా దాతలతో ఒకసారి మాట్లాడండి. అందరూ ఒకే రకం రిపోర్టు తీసుకుంటామని ఒప్పుకుంటే, ఆ సంస్థకు ఏటా బోలెడు పని దినాలు మిగులుతాయి. అడిగిన లెక్క చూపించడానికి వాళ్ల దగ్గర సరైన పద్దులే లేవంటే, వెంటనే అనుమానపడకండి. ఆ పద్దులు రాసే మనిషిని పెట్టుకోవడానికి ఇన్నాళ్లూ ఎవరూ డబ్బు ఇచ్చి ఉండరు. ఈ ఏడాది మీ విరాళంతో ఆ అకౌంటెంట్ జీతం ఇవ్వండి.

నమస్కారం.