ఎండాకాలంలో గోల్ఫ్ పచ్చిక: నీళ్లతోనే చిక్కు

శ్రోతలకు నమస్కారం.

గోల్ఫ్ మైదానం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పచ్చదనం. ఎండలు ముదిరినా ఆ రంగు తగ్గకూడదని ఆటగాళ్లు కోరుకుంటారు, క్లబ్బు పెద్దలు పట్టుబడతారు. మధ్యలో నలిగేది పచ్చికను సాకే సిబ్బంది. ఆ ఒత్తిడిలో చేతికి ముందు దొరికేది నీళ్ల పైపు. వేసవిలో చాలా పచ్చిక పాడయ్యేది అక్కడే. నీళ్లు చాలక వాడిన గడ్డి చాలావరకు తేరుకుంటుంది. నీళ్లు నిలిచి, వేడికి ఉడికిపోయిన గడ్డిని బతికించడం కష్టం.

మైదానంలో అన్నిటికన్నా సుకుమారమైన చోటు గ్రీన్, అంటే బంతిని గుంతలోకి నెట్టే చోటు. అక్కడ గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు, దాదాపు రోజూ కోస్తారు. ఆకు తగ్గేకొద్దీ గడ్డి తయారుచేసుకునే ఆహారం తగ్గుతుంది. దాంతో వేళ్లు పొట్టిగా ఉండిపోతాయి.

గడ్డి రకాన్ని బట్టి కూడా కథ మారుతుంది. గరిక జాతికి చెందిన బెర్ముడా గడ్డికి 27 నుంచి 35 డిగ్రీల వేడి అంటే పండగే, దాని గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. చల్లని ప్రాంతాల్లో వేసే బెంట్‌గ్రాస్‌తోనే టెన్షన్. దానికి 15 నుంచి 24 డిగ్రీలు హాయి. 35 డిగ్రీల ఎండలో అది సంపాదించే ఆహారం కన్నా ఖర్చుపెట్టేదే ఎక్కువ. మట్టి వేడెక్కితే వేళ్లు పెరగడం మానేసి, ఉన్నవి కూడా పోతుంటాయి.

ఇక నీళ్ల సంగతి. గడ్డికి నీటితో రెండు అవసరాలు: తాగడం, చల్లబడడం. తాగడానికి ఇచ్చే నీళ్లు తెల్లవారుజామున, వేళ్లు ఉన్నంత లోతుకు ఇంకేలా పెట్టాలి. సాయంత్రం పెడితే ఆకు రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లు తగులుకుంటాయి. పితియం తెగులుకైతే వేడి రాత్రి, తడి ఆకు ఉంటే చాలు, తెల్లారేసరికి మచ్చలు కనిపిస్తాయి. చల్లబరచడానికి పట్టేది వేరు. మధ్యాహ్నం పైపుతో ఆకు తడిసేంత సన్నటి జల్లు కొట్టి వదిలేయాలి. జ్వరం వచ్చినవాళ్ల నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టు. ఆ తడి ఆవిరవుతూ ఆకు వేడిని లాగేస్తుంది. మట్టి తడవక్కర్లేదు.

మరి గడ్డికి దాహమో కాదో ఎలా తెలుస్తుంది? ముందు రంగు మారుతుంది, పచ్చదనం నీలి బూడిద రంగులోకి తిరుగుతుంది. దాని మీద నడిస్తే అడుగుజాడ వెంటనే పైకి లేవదు. కానీ అది చూసి పైపు అందుకోకూడదు. సన్నటి గొట్టాన్ని నేలలోకి గుచ్చి, వచ్చిన మట్టిని చేతివేళ్ల మధ్య నలిపి చూడాలి. పొడిగా రాలితే నీళ్లు పెట్టాలి. మట్టి చల్లగా, తడిగా చేతికి అంటుకుంటుంటే మాత్రం నీళ్లు ఆపాలి. అక్కడ వేర్లకు గాలి ఆడక, పక్కనే నీళ్లున్నా తాగలేక గడ్డి వాడుతోంది. వేడి నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ. అందులో ఇంకా పోస్తే ఉన్న ప్రాణం కాస్తా పోతుంది.

ఇందుకే గ్రీన్ అడుగున ఏముందన్నది ముఖ్యం. 1960లో యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్ ఒక నిర్మాణ పద్ధతిని ప్రకటించింది: పైన సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక పొర, కింద 10 సెంటీమీటర్ల గులకరాళ్లు. నీళ్లు నిలవవు. అయితే ఇసుకకు ఇంకో పేచీ ఉంది. కొన్ని చోట్ల ఇసుక రేణువులకు కుళ్లిన పదార్థం పూతలా పట్టి, నీటిని లోపలికి రానివ్వవు. గ్రీన్ అంతా పచ్చగా ఉన్నా అక్కడక్కడ ఎండిన మచ్చలు కనిపిస్తాయి. వాటికోసం మొత్తం గ్రీన్‌ను స్ప్రింక్లర్లతో తడపడం తెలివితక్కువ పని. వెటింగ్ ఏజెంట్, అంటే నీళ్లు లోపలికి ఇంకేలా చేసే మందు వేసి, మచ్చ ఉన్నంతమేరకే చేత్తో నీళ్లు పెట్టుకోవాలి.

ఇప్పుడు ఆటగాళ్లకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికన్ గోల్ఫర్ బంతి గ్రీన్ మీద ఎంత దూరం దొర్లుతుందో కొలిచే పరికరం చేశాడు. దాని పేరు స్టింప్‌మీటర్. ఆయన ఉద్దేశం మంచిదే కానీ, మా గ్రీన్ ఎంత వేగం, మీది ఎంత అనే పోటీకి కూడా అది పనికొచ్చింది. ఆ వేగం కోసం మండుటెండల్లోనూ గడ్డిని గీకినట్టు కోయించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కోత ఎత్తు అర మిల్లీమీటరు పెంచినా గడ్డికి ఎంతో ఊరట. కొన్ని రోజులు కోత మానేసి రోలర్ తిప్పితే బంతి వేగం పెద్దగా తగ్గదు కూడా. బరువైన యంత్రం బదులు నడుస్తూ తోసే మోవర్ వాడితే ఇంకా మేలు. చుట్టూ చెట్లు కమ్ముకుని గాలి ఆడని గ్రీన్‌లకు కొన్నిచోట్ల పెద్ద ఫ్యాన్లు కూడా పెడతారు.

ఎరువు విషయంలో చెయ్యి బిగించాలి. నత్రజని ఒకేసారి ఎక్కువ వేస్తే ఆకు విపరీతంగా పెరిగి, వేళ్ల దగ్గరున్న నిల్వలు ఖాళీ అవుతాయి. కొద్దికొద్దిగా ఆకు మీద పిచికారీ చేస్తే సరిపోతుంది. నేలకు గాలి కోసం సన్నటి సూదులతో రంధ్రాలు చేస్తే చాలు, గాయం పెద్దగా కనిపించదు. మట్టి తీసి ఇసుక నింపే పెద్ద పనిని, బెంట్‌గ్రాస్ అయితే, రాత్రులు చల్లబడి వేళ్లు మళ్లీ కదిలేదాకా వాయిదా వేసుకోవాలి.

సెలవు.